బలం కొలిచే కుర్చీ



కోయంబత్తూరు నుంచి పొల్లాచ్చికి పోయే దారిలో, రెండింటికీ ఇంచుమించు నడిమధ్యన ఉంటుంది కినత్తుకడవు. మీలో చాలామంది ఆ ఊరి మీదుగా బస్సులో పోయి ఉంటారు. చిన్న కొండ, కొండ మీద వేలాయుధస్వామి గుడి, పాలక్కాడు కనుమలోంచి విసిరికొట్టే పడమటి గాలి. అటూ ఇటూ కొబ్బరితోటలు. ఊరి పేరులోనే తమిళంలో బావిని చెప్పే మాట వినిపిస్తుంది. ఆ చుట్టుపట్ల పల్లెల్లో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సంతలో అవసరాన్ని బట్టి మలయాళం మాట్లాడే కుటుంబాలు ఈనాటికీ ఉన్నాయి. విజయనగరపు రోజుల్లోనూ, ఆ తరువాత మధుర నాయకుల కాలంలోనూ దక్షిణానికి దిగి, నల్లరేగడి నేలలు చూసి నిలిచిపోయినవారి సంతతి వారంతా. తెలుగు అక్షరం రాయడం రాకపోయినా అమ్మమ్మ నోటి తెలుగు మరచిపోనివారు.

ఈ పూట నేను చెప్పబోయేది ఒక యంత్రం కథ. ఆసుపత్రిలో, కాలికో చేతికో దెబ్బ తగిలి కోలుకుంటున్నవారి కండబలం కొలిచే యంత్రం అది. బావుల ఊరితో మొదలుపెట్టి ఆసుపత్రి యంత్రానికి ఎలా పోతాడీయన అని మీరు అనుకోవచ్చు. కొంచెం ఓపిక పట్టండి.

మన పెద్దలు బావిలోంచి నీళ్ళు తోడడానికి కపిల కట్టేవారు. తమిళులు దాన్నే కవలై అంటారు. రెండెద్దులు ఏటవాలు బాట మీద దిగువకు నడుస్తుంటే మోకు లాగి తోలుసంచి పైకి వస్తుంది. తోలే మనిషి ఊరికే వెనక నడవడు. ఎద్దులు దిగువకు పోయేటప్పుడు మోకు మీదికెక్కి కూర్చుంటాడు. తన ఒంటి బరువు కూడా ఎద్దులకు సాయం చేస్తుందన్నమాట. ఆ కూర్చోవడంలో ఒక ఒడుపుంది. ఎద్దుల కాడికి మరీ దగ్గరగా కూర్చుంటే వాటి మెడ మీద భారం. మరీ వెనక్కి కూర్చుంటే మోకు ఊగి మనిషిని కింద పడేస్తుంది. ఎక్కడ కూర్చోవాలో పుస్తకాల్లో ఎవరూ రాయలేదు. తండ్రి పక్కన నిలబడి కొడుకు నేర్చుకున్నాడు. బలం ఎంత ఉన్నదనేది ఒక సంగతి, ఆ బలం ఎక్కడ నిలబడి, ఎక్కడ కూర్చుని వాడుతున్నామనేది మరో సంగతి. ఈ రెండో సంగతే ఈనాటి మన ప్రసంగానికి ప్రాణం.

1930ల్లో పైకారా నుంచి కరెంటు వచ్చింది. మిల్లులు పెరిగాయి. కోయంబత్తూరు మోటార్లు, పంపులు తయారుచేసే ఊరైంది. కలంగల్ గ్రామంలో 1893లో పుట్టిన మన జి.డి. నాయుడుగారి పేరు ఆ కథలో రాకుండా ఉండదు. అయిదు హార్స్‌పవరు మోటారు వేశామంటాం. హార్స్‌పవరు అంటే గుర్రం బలం. నిమిషానికి 33,000 అడుగుల పౌండ్ల పని అని జేమ్స్ వాట్ కట్టిన లెక్క అది. గుర్రానికి లెక్క కట్టారు, మోటారుకు లెక్క కట్టారు. మరి మనిషికో?

మనిషి బలం చూసుకోవాలనే ముచ్చట పాతదే. సుమారు 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పాయిస్, శ్రీకృష్ణదేవరాయలు ప్రతిరోజూ తెల్లవారకముందే లేచి, నువ్వులనూనె తాగి, ఒంటికి పట్టించి, మట్టితో చేసిన పెద్ద పెద్ద బరువులు చేతులతో ఎత్తేవాడనీ, తరువాత కత్తి తిప్పి, మల్లులతో కుస్తీ పట్టేవాడనీ రాసిపెట్టాడు. పల్లెల్లో గుండురాయి ఉండేది. రాయి భుజానికెత్తినవాడు మొనగాడు, ఎత్తలేనివాడు ఇంకో ఏడు ఆగాలి. అయితే రాయి రెండే మాటలు చెబుతుంది, ఎత్తాడు లేదా ఎత్తలేదు. ఎంత తక్కువైంది, ఏ కండ తక్కువైంది అన్నది రాయి చెప్పదు.

ఈ ప్రశ్న పట్టుకుని మొదట కూర్చున్నవాళ్ళలో ఒకాయన జాన్ డెసాగులియే. 1683లో ఫ్రాన్సులో పుట్టి, చిన్నతనంలోనే ఇంగ్లండు చేరి, న్యూటనుకు సన్నిహితుడై, ప్రయోగాలు చేసి చూపిస్తూ ఉపన్యాసాలు ఇచ్చేవాడు. ఆ రోజుల్లో జర్మనీ నుంచి ఎకెన్‌బర్గ్ అనే బలశాలి లండనుకు వచ్చాడు. నడుముకు పటకా కట్టుకుని, కూర్చుని, కాళ్ళు చాచి ఒక పలకకు తన్ని పెట్టుకునేవాడు. పటకాకు కట్టిన తాడును ఎంతమంది లాగినా, గుర్రాలు లాగినా కదిలేవాడు కాదు. జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. డెసాగులియే పోయి చూశాడు. ఇంటికి వచ్చి ఆలోచించాడు. కాళ్ళు తిన్నగా చాచి, పటకా తుంటి మీద సరిగా పడితే లాగే బలమంతా ఎముకల మీదుగా పలకలోకి పోతుంది. కండకు పెద్ద పని లేదు. మామూలు మనుషులను అదే తీరున కూర్చోబెట్టి అదే పని చేయించి చూపించాడు.

ఇప్పుడు దీని ఎదురుకథ వినండి. అదే లండనులో థామస్ టాపమ్ అని ఇంకొకడు ఉండేవాడు. వడ్రంగి పని నేర్చినవాడు, తరువాత పూటకూళ్ళ ఇల్లు నడిపినవాడు. ఇతనిది మాయ కాదు, నిజమైన బలం. 1741వ సంవత్సరం మే 28న జనం ఎదుట మూడు నీళ్ళ పీపాలు, మొత్తం 1836 పౌండ్లు, అంటే మన లెక్కలో 830 కిలోలకు పైగా, భుజాలకు పట్టీలు తగిలించుకుని పైకెత్తాడు. ఇంత బలవంతుడు ఒకసారి గోడకు కాళ్ళు తన్ని ఒక గుర్రాన్ని ఆపాడు. తరువాత రెండు గుర్రాలను ఆపబోయాడు. కాళ్ళు సరైన ఎత్తులో, సరైన వాలులో పెట్టుకోలేదు. గుర్రాలు గుంజేసరికి చోటునుంచి లేచిపోయి మోకాటిచిప్ప దెబ్బతిన్నది. సరిగా కూర్చుని ఉంటే రెండు కాదు, నాలుగు గుర్రాలను కూడా ఆపగలిగేవాడని డెసాగులియే అభిప్రాయం.

గమనించారా? మాయగాడు కూర్చునే తీరు తెలిసి నెగ్గాడు. బలవంతుడు అది తెలియక కుంటివాడయ్యాడు.

మన కోడి రామమూర్తినాయుడుగారిని ఇక్కడ తలచుకోకుండా ఉండలేను. వీరఘట్టం బిడ్డ, కలియుగ భీముడని జనం పిలుచుకున్న మనిషి. భుజాలకు గొలుసులు కట్టించుకుని కార్లను కదలకుండా ఆపేవారని చెప్పుకుంటారు. ఆయనది బలం కాదు, కిటుకు అని నేను అనడం లేదు. బలమూ ఉన్నది, ఆ బలాన్ని ఏ భంగిమలో నిలపాలో తెలిసిన విద్యా ఉన్నది. వ్యాయామ విద్య అంటే ఆ రెండోదే కదా.

డెసాగులియే అక్కడితో ఆగలేదు. జార్జ్ గ్రాహమ్ అనే పేరుపొందిన గడియారాల పనివాడు అంతకుముందే బలం కొలవడానికి ఒక చట్రం చేశాడు. డెసాగులియే దాన్ని మార్చి బాగుచేశాడు. తాసుకోల మీద బరువు జరిపినట్టు జరుపుతూ, చట్రంలో నిలబెట్టిన మనిషి ఒక్కొక్క చోటి కండ ఎంత లాగుతున్నదో చూడడం దాని పని. నడుము వంచి, ఒరిగి, పక్క కండల సాయం తెచ్చుకునే వీలు లేకుండా మనిషిని పట్టి ఉంచాలన్న ఆలోచన అందులో ఉంది. ఈనాటి ఆసుపత్రి యంత్రానికి కట్టే పట్టీలన్నీ ఆ ఆలోచనకు మనవళ్ళే.

తరువాత 1798లో ఫ్రాన్సులో ఎడ్మ్ రెనియే ఒక చిన్న పరికరం ప్రకటించాడు. కోడిగుడ్డు ఆకారంలో వంచిన ఉక్కు స్ప్రింగు, దానికి ఒక ముల్లు, అంకెల పలక. చేత్తో పిసికితే పిడికిలి బలం, కాళ్ళ కింద అదిమి పైకి లాగితే నడుము బలం. చేతిలో పట్టుకుని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. తీసుకుపోయారు కూడా. 1800లో బయలుదేరిన బొదాఁ నౌకాయాత్రలో ఫ్రాన్స్వా పెరోన్ అనే యువ శాస్త్రజ్ఞుడు దాన్ని తీసుకుపోయి తిమోరు దీవిలోనూ, ఆస్ట్రేలియాలోనూ, టాస్మానియాలోనూ అక్కడి మనుషుల చేత పిసికించి, లాగించి, తన ఓడలోని ఫ్రెంచివారితోనూ అక్కడి ఇంగ్లీషువారితోనూ పోల్చాడు. అక్కడివారే బలహీనులని తేల్చాడు. నాగరికత లేనివారికి బలమైనా ఎక్కువ ఉంటుందన్న మాట తప్పని రుజువు చేశానని సంతోషించాడు.

నాకు ఈ కథ చదివినప్పుడల్లా కోపం వస్తుంది. ఎప్పుడూ చూడని ఇనుప వస్తువు. ఎందుకు పిసకాలో తెలియదు. ఎక్కడ పట్టుకోవాలో ఓడ దిగినవాడు సైగలతో చెబుతున్నాడు. గట్టిగా పిసికితే ఏమవుతుందో, పిసకకపోతే ఏమవుతుందో అర్థం కాదు. పరికరం అలవాటైన నావికుడితో ఆ మనిషిని పోల్చి, ముల్లు చూపించిన అంకెను ఒక జాతి మొత్తానికి అంటగట్టారు. అంకె తప్పు కాకపోవచ్చు. ఆ అంకె దేని కొలత అన్నదే ప్రశ్న. ఆ యంత్రం ఎదుట భయపడినవాడికి, అర్థం కానివాడికి, సరిగా కూర్చోబెట్టనివాడికి వచ్చిన అంకె అతని బలం కాదు. ఈ మాట గుర్తుంచుకోండి. మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

పంతొమ్మిదో శతాబ్దంలో ఈ విద్య వైద్యంలోకి నడిచింది. స్టాక్‌హోమ్‌లో గుస్తావ్ జాండర్ అనే డాక్టరు 1865లో మీటలూ బరువులూ ఉన్న యంత్రాలతో వ్యాయామ చికిత్సాలయం తెరిచాడు. అమెరికాలో పోలియో పిల్లల కాళ్ళలో మిగిలిన బలం ఎంతో తెలుసుకోవడానికి బోస్టన్ డాక్టరు రాబర్ట్ లొవెట్ మార్టిన్‌తో కలిసి 1916 ప్రాంతంలో స్ప్రింగు తాసు వాడాడు. పిల్లవాణ్ణి పడుకోబెట్టి, కాలికి తాడు కట్టి, తాసుతో లాగి, కాలు ఎక్కడ లొంగిపోతుందో అక్కడ అంకె చదవడం. ఒక్కొక్క కండకు పిల్లవాడు ఎలా పడుకోవాలో, తాడు ఎక్కడ కట్టాలో ముందే నిర్ణయించుకున్నారు. పోలియో అంటే మన పల్లెలకు కొత్త చెప్పనక్కరలేదు. చేతుల మీద పాకుతూ బడికి వచ్చిన పిల్లలతో కలిసి చదువుకున్నవాళ్ళం మనం. దేశంలో చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో వచ్చింది, 2014 మార్చిలో మన ప్రాంతం పోలియో లేనిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అంతవరకూ ఆ కాళ్ళ బలం కొలిచినవాళ్ళు మన దగ్గర ఎక్కువగా చేతులతోనే కొలిచారు.

చేత్తో కొలవడం అంటే, చికిత్సకుడు తన చేతిని అడ్డుపెట్టి నెట్టమంటాడు, సున్నా నుంచి అయిదు దాకా మార్కు వేస్తాడు. పల్లె ఆసుపత్రిలో ఇదే దిక్కు. మంచి పద్ధతే. అయితే నాలుగు అన్న మార్కు చాలా పెద్ద గది. ఇంటి మెట్లు ఎక్కలేనివాడూ నాలుగే, బస్తా మోయగలిగినవాడూ నాలుగే కావచ్చు.

మన పొరుగున వేలూరు ఉన్నది. చిత్తూరు జిల్లావాళ్ళకు వేలూరు ఆసుపత్రి అంటే ఇంటి మాట. 1954లో మోటారు ప్రమాదంలో రెండు కాళ్ళూ పడిపోయిన డాక్టరు మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేసి, తరువాత పునరావాస వైద్యం చదువుకుని వచ్చారు. 1966లో అక్కడ పునరావాస సంస్థ ఏర్పడింది. కట్టు విప్పి ఇంటికి పంపడంతో వైద్యం అయిపోదు, మనిషి తిరిగి పనిలోకి పోవాలి అన్న మాట దక్షిణదేశంలో గట్టిగా చెప్పిన చోటు అది.

ఇక మన కుర్చీ యంత్రం దగ్గరికి వద్దాం.

రెండో ప్రపంచ యుద్ధపు చివర్లో షికాగోలో థామస్ డిలోర్మ్ అనే సైనిక వైద్యుడు మోకాలు దెబ్బతిన్న సిపాయిల పాదాలకు ఇనుప బరువులు కట్టించి ఎత్తించాడు. 1945లో ఆ సంగతి ప్రకటించాడు. మంచి ఫలితాలు వచ్చాయి. అయితే బరువుతో ఒక చిక్కుంది. మోకాలు వంగి ఉన్నప్పుడు కండ శక్తి ఒకలా, సగం చాచినప్పుడు మరోలా, పూర్తిగా చాచినప్పుడు ఇంకోలా ఉంటుంది. బరువు మాత్రం ఒకటే. ఎక్కడ కండ బలహీనమో అక్కడ ఎత్తగలిగినంతే కట్టాలి. మిగతా చోట కండకు పూర్తి పని దొరకదు.

1960ల్లో న్యూయార్కులో జేమ్స్ పెరీన్ దీన్ని తలకిందులు చేశాడు. బరువును కాదు, వేగాన్ని కట్టిపడేశాడు. 1967లో హెలెన్ హిస్లాప్‌తో కలిసి ఆ ఆలోచనను ప్రకటించాడు. సైబెక్స్ అనే పేరుతో ఆ యంత్రం ఆసుపత్రులకు వచ్చింది. ఎలా పనిచేస్తుందంటే, మీరు రోడ్డు రోలరును వెనకనుంచి తోస్తున్నారనుకోండి. మీరు మెల్లగా తోసినా, ఒళ్ళంతా పెట్టి తోసినా అది తన వేగంతోనే పోతుంది. మీరు ఎంత గట్టిగా తోశారో మాత్రం లోపల ఒక ముల్లు రాసుకుంటుంది. ఈ యంత్రమూ అంతే. సెకనుకు 60 డిగ్రీలు అని పెడితే కాలు అంతకంటే వేగంగా పోలేదు. మీరు ఎంత పెడితే అంత ఎదురు. నొప్పి వచ్చి మీరు వదిలేస్తే అదీ వదిలేస్తుంది. దెబ్బతిన్న మోకాలికి ఇందులో ఉన్న భద్రత అదే.

ఇది కొలిచేది తోపును కాదు, తిప్పే బలాన్ని. ఏతాం తెలుసు కదా? ఇరుసుకు దగ్గరగా పట్టుకుంటే కష్టం, దూరంగా పట్టుకుంటే సులువు. మోకాలి ఇరుసు నుంచి 30 సెంటీమీటర్ల దూరాన, చీలమండకు పైన ఒక మెత్త ఉంటుంది. ఆ మెత్తను 30 కిలోల బరువుకు సమానంగా నెట్టారనుకుంటే తిప్పే బలం సుమారు 88 న్యూటన్ మీటర్లు. కొన్ని యంత్రాలు ఈ తిప్పే బలాన్ని ఇరుసు దగ్గరే నేరుగా కొలుస్తాయి. మరికొన్ని మెత్త దగ్గర తోపును కొలిచి, దూరంతో గుణిస్తాయి. రెండో రకంలో దూరం 30కి బదులు 35 అని ఎవరైనా పొరపాటున నొక్కారంటే, మీ కాలు ఉన్నపళాన ఆరో వంతు బలం పుంజుకుంటుంది, కాగితం మీద.

అందుకే కుర్చీ అమర్చడంలోనే అంతా ఉంది. మిమ్మల్ని కూర్చోబెట్టినప్పుడు మోకాలి వెనక మడత కుర్చీ అంచుకు ఆనిపోకూడదు, రెండు వేళ్ళ సందు ఉండాలి. వీపు వెనక పలకకు ఆనాలి. మీరు పొట్టివారైతే పలక ముందుకు జరగాలి, మిమ్మల్ని వెనక్కి వాలమంటే చాలదు. భుజాల మీదుగా పట్టీలు, నడుముకు పట్టీ, పరీక్షించే కాలి తొడకు పట్టీ. పట్టీ వదులైతే తొడ లేస్తుంది, నడుము తోడు వస్తుంది, మనం టాపమ్ కాలంలోకి వెళ్ళిపోయినట్టే. మరీ బిగిస్తే కాలు తిమ్మిరెక్కుతుంది. చెప్పండి, మొహమాటపడకండి.

అన్నిటికంటే ముఖ్యం ఇరుసు. మోకాలి బయటి పక్క తడిమితే తొడ ఎముక చివర ఒక బొడిపె చేతికి తగులుతుంది. యంత్రం ఇరుసు దానికి సూటిగా ఎదురుండాలి. మోకాలు తలుపు బందులాంటిది కాదు. వంగుతున్నకొద్దీ దాని ఇరుసు కొద్దికొద్దిగా జరుగుతుంది. కాబట్టి కాలు ఒకచోట పెట్టి చూస్తే చాలదు. మెల్లగా పైకీ కిందికీ ఆడించి చూడాలి, ఒకసారి మీ చేత గట్టిగా నెట్టించి చూడాలి. నెట్టినప్పుడు కుర్చీ మెత్త అణుగుతుంది, తొడ కండ ఉబ్బుతుంది, ఇరుసు తప్పుకుంటుంది. తప్పుకున్నదా లేదా అన్నదానికి గుర్తు ఏమిటంటే, మెత్త మీ కాలి మీద పైకీ కిందికీ పాకుతుంది. పాకుతున్నదంటే రెండు ఇరుసులూ కలవలేదని అర్థం. ముంగాలు చర్మం ఒరుసుకుంటుంది, మోకాలి లోపల పక్కవాటు ఒత్తిడి పడుతుంది. కొత్తగా నరం కుట్టిన మోకాలైతే ఆ ఒత్తిడి ఆటమాట కాదు.

మా బావ సంగతి చెబుతాను. మేనత్త కొడుకు. మిల్లులో పని. సంక్రాంతికి ఊరిలో చెడుగుడు ఆడబోయి ఎడమ మోకాలి లోపలి నరం తెంచుకున్నాడు. ఆపరేషన్ అయింది. ఎనిమిది నెలలు వ్యాయామం శ్రద్ధగా చేశాడు. పనిలోకి తీసుకోవాలంటే బలం పరీక్ష కాగితం కావాలన్నారు. ఒక ఆసుపత్రిలో పరీక్ష చేశారు. దెబ్బతిన్న కాలు మంచి కాలి కంటే 30 శాతం తక్కువ అని వచ్చింది. చాలాచోట్ల తేడా 10 శాతం లోపు ఉంటే గాని ఒప్పుకోరు. బావ ముఖం మాడిపోయింది. "ఎనిమిది నెలలు నేను చేసిందంతా బూడిదేనా, బావా?" అని నన్ను అడిగాడు. అప్పటికే సగం జీతం మీద ఇల్లు నడుస్తున్నది.

పరీక్ష ఎలా జరిగిందో అడిగాను. ముందు కుడికాలు చేశారట. తరువాత యంత్రాన్ని ఎడమ పక్కకు తిప్పి, కుర్చీని మళ్ళీ సరిచూడకుండా అదే కొలతతో ఎడమకాలు చేశారట. "మెత్త మోకాలి దాకా పాకింది, బావా, నొప్పిగా ఉందని చెప్పాను, కొంచెం ఓర్చుకోమన్నారు" అన్నాడు. మూడు వారాల తరువాత మరో చోట చేయించాం. అక్కడి చికిత్సకురాలు తమిళ అమ్మాయి, వయసులో చిన్నది. ఎడమకాలికి ఇరుసు మళ్ళీ చూసింది, మెత్త మళ్ళీ పెట్టింది, కాలు బరువు తూచింది, ఆ తరువాతే నెట్టమంది. తేడా 14 శాతం వచ్చింది. మూడు వారాల వ్యాయామానికే అంత తేడా తగ్గదు. అలాగని బావ గెలిచాడని కూడా అనను. 14 అంటే ఇంకా చాలదు. మరో రెండు నెలలు ఆగి పనిలోకి పోయాడు. అయితే 30కీ 14కీ మధ్య ఒక మనిషి ధైర్యం ఉన్నది.

కాలు బరువు తూచింది అన్నాను కదా, అదేమిటో చెబుతాను. మోకాలి కింది భాగం, పాదంతో కలిపి, ఒంటి బరువులో సుమారు 6 శాతం ఉంటుంది. 60 కిలోల మనిషికి మూడున్నర కిలోల పైచిలుకు. కాలు చాచినప్పుడు ఈ బరువు దాదాపు 9 న్యూటన్ మీటర్ల బలంతో కిందికి లాగుతుంది. యంత్రపు చేయి బరువు వేరే. తొడ ముందు కండ కాలిని పైకి లేపేటప్పుడు ఈ బరువును కూడా మోయాలి. వెనక కండ కిందికి లాగేటప్పుడు ఈ బరువు దానికి ఊరికే సాయం చేస్తుంది. నిజానికి ముందు కండ 100, వెనక కండ 60 అనుకోండి. బరువు లెక్కలోకి తీసుకోకపోతే ముందు కండ 91, వెనక కండ 69 అని కనపడుతుంది. వెనక కండ ముందు కండలో 60 శాతం ఉన్నవాడికి 76 శాతం అని రాస్తారు. వెనక కండ బాగా ఉందని భ్రమ పడి దాని వ్యాయామం మానిపిస్తారు.

ఈ తప్పు ఏళ్ళ తరబడి జరిగింది. 1981లో కెనడాకు చెందిన డేవిడ్ వింటర్, ఆయన సహచరులు కలిసి భూమ్యాకర్షణను లెక్కించకపోతే ఎంత పెద్ద పొరపాటు వస్తుందో లెక్కకట్టి చూపించారు. మరుసటి ఏడు అలెగ్జాండర్ సపీగా మొదలైనవారు ఇంకో సంగతి బయటపెట్టారు. కాలు విసురుగా కదిలి యంత్రం కట్టిన వేగాన్ని తగిలినప్పుడు గీతలో ఒక ముల్లు లేస్తుంది. అది కండ బలం కాదు, బండి బ్రేకు వేసినప్పుడు మనం ముందుకు తూలినట్టు, విసురుగా వచ్చిన కాలికి యంత్రం బ్రేకు వేసిన కుదుపు. దాన్నే అత్యధిక బలమని చదివినవారు ఎందరో! పదిహేనేళ్ళు వాడిన తరువాత ఈ రెండు మాటలూ తెలిశాయంటే, యంత్రం తయారుచేయడం ఒక ఎత్తు, దాన్ని నమ్మడం ఎలాగో నేర్చుకోవడం ఇంకో ఎత్తు.

1980ల్లో మోటారుతో నడిచే యంత్రాలు వచ్చాయి. కిన్‌కామ్, బయోడెక్స్ వంటివి. పాత సైబెక్స్ మీరు ఆపితే ఆగేది. ఇవి కొన్ని పద్ధతుల్లో మీరు ఆపినా తామే కాలిని తీసుకుపోగలవు. అందుకని హద్దులు అతి ముఖ్యం. మీ మోకాలు ఎంత వంగుతుందో, ఎంత చాచగలదో ముందు మీ చేత మెల్లగా చేయించి, దానికి కొంచెం లోపలే ఆపు పెట్టాలి. యంత్రంలో అంకెలతో పెట్టే ఆపు ఒకటి, ఇనుప మేకుతో పెట్టే ఆపు ఒకటి ఉంటే రెండూ పెట్టాలి. ముందు రోగి హద్దులు చెరిపేయకుండా మిమ్మల్ని కూర్చోబెడితే ఏం జరుగుతుందో ఊహించుకోండి. ఆపు బొత్తాం మీ చేతిలో ఇస్తారు. ఇవ్వకపోతే అడగండి. ఒకసారి నొక్కి చూపించమనండి.

లోపలి నరం కుట్టించుకున్నవారికి ఇంకో జాగ్రత్త. మెత్త చీలమండ దగ్గర ఉంటే, ముందు కండ లాగినప్పుడు ముంగాలి ఎముక ముందుకు జారబోతుంది. ఆ కొత్త నరం మీద భారం పడుతుంది. అందుకే మెత్తను పైకి జరపడం, లేదా రెండు మెత్తలతో అమర్చడం 1980ల మొదటి నుంచీ ఉన్నది. పైకి జరిపినప్పుడు ఆ దూరం మళ్ళీ రాసుకోవాలి. అసలు పరీక్ష ఎప్పుడు చేయించవచ్చో ఆపరేషన్ చేసిన డాక్టరు చెప్పాలి. మనమూ చెప్పకూడదు, మిల్లు మేనేజరూ చెప్పకూడదు. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. ఊపిరి బిగపట్టి నెట్టకూడదు.

చికిత్సకులుగా పనిచేస్తున్న తెలుగు పిల్లలు ఎవరైనా వింటుంటే వారికి ఒక మాట. మీ యంత్రం చేతికి తెలిసిన బరువు, తెలిసిన దూరంలో వేలాడదీసి, అంకె సరిగా చూపిస్తున్నదో లేదో చూసే అలవాటు పెట్టుకోండి. కూరగాయల కొట్టు తాసుకు ముద్ర ఉండాలంటాం, మనిషి కాలు తూచే తాసుకు వద్దా? కుర్చీ ఎంత ముందుకు, వీపు పలక ఎంత వాలు, ఇరుసు ఎంత ఎత్తు, మెత్త ఎంత దూరం అన్నవి ఒక చీటీ మీద రాసి రోగి కాగితాలతో కలిపి కుట్టండి. మరుసటిసారి వచ్చినప్పుడు అవే కొలతలు ఉంటేనే రెండు అంకెలనూ పోల్చవచ్చు. ఇంకొకటి, ముందు రెండు మూడుసార్లు మెల్లగా ఆడించి అలవాటు చేయండి. మంచి కాలు ముందు చేయండి. ఎందుకు చేస్తున్నారో, ఏం జరుగుతుందో రోగికి వచ్చిన భాషలో చెప్పండి. మన సరిహద్దు ఊళ్ళలో ఇది చిన్న సంగతి కాదు. ఇంట్లో తెలుగు తప్ప రాని ముసలమ్మకు తమిళంలో "నల్లా తళ్ళుంగ" అంటే, ఎవరిని తోయమంటున్నారో అర్థం కాక కోడలి వంక చూస్తుంది. ఆ చూపులో రెండు సెకన్లు పోతాయి, గీత పడిపోతుంది, బలం లేదని రాస్తారు. పెరోన్ ఓడ కథ గుర్తున్నదా?

ఇలాంటి యంత్రాలు పెద్ద ఊళ్ళలోని కొన్ని ఆసుపత్రుల్లోనే ఉంటాయి. కినత్తుకడవు నుంచి వెళ్ళాలంటే ఒక పూట కూలి పోతుంది, బస్సు చార్జీ అవుతుంది. పోయినవారు వదులుగా ఉండే నిక్కరు, కాలికి పట్టి ఉండే బూట్లు తీసుకుపోండి. పట్టు వేష్టి కట్టుకుని పోయి, పట్టీ కింద మడతలు పడి, తొడ జారిపోయినవారిని నేను చూశాను. పాత కాగితాలు, ముందటి చీటీ ఉంటే అదీ పట్టుకుపోండి. ఎడమకాలికి తిప్పినప్పుడు "ఇరుసు మళ్ళీ చూస్తారా అమ్మా?" అని మర్యాదగా అడగండి. మంచి చికిత్సకులు తప్పుగా అనుకోరు.

మా బావ ఇప్పుడు చెడుగుడు ఆడడు. గట్టున కూర్చుని పిల్లల ఆట చూస్తాడు. ఎవడైనా కూత పట్టి వెళ్ళి కాలు మడతపడి కూలబడితే అందరికంటే ముందు తనే లేచి పోయి, మోకాలు బయటి పక్క తడిమి ఆ బొడిపె వెతుకుతాడు.